ఇల్లుబండికి ఎద్దులు వచ్చిన విధం

ఆ రోజుల్లో ప్రయాణమంటే ముందు ఒంటిని ఒప్పించుకోవాలి, తరువాత ఇంట్లోవాళ్ళను, టిక్కెట్టు సంగతి ఆ పైన. ఇప్పుడు మా మనవలు బస్సులో తిరుపతికి పోయి సాయంత్రానికి తిరిగివచ్చి "అలసిపోయినాము తాతా" అంటూ కాళ్ళు బారజాపుకొని కూర్చుంటారు. బెల్లంలో రకాలున్నట్టే అలసటలో కూడా రకాలున్నాయని, కొన్ని రాత్రి నిద్రకే కరిగిపోతాయని, కొన్ని మాత్రం ఒంట్లో గడ్డకట్టుకొని ఏళ్ళ తరబడి అట్లాగే ఉంటాయని వాళ్ళకు ఎట్లా చెప్పను? నా దగ్గర ఉన్న మేలు రకం అలసట అంతా ఒక్క వారంలో సంపాదించింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కార్తీక మాసపు వానల్లో. ఎవరూ నా నెత్తిన పెట్టలేదు. నేనే ముచ్చటపడి, బేరమాడి మరీ కొనుక్కున్నాను.

మాది అంగళ్ళ వంశం. మా నాయనది మిరపకాయల అంగడి, మా చిన్నాయనది తమలపాకుల అంగడి, మా అమ్మ తమ్ముడికి చిత్తూరులో బెల్లం మండీ. మా ఇళ్ళలో పిల్లలకు నడక కంటే ముందు బేరం వస్తుంది. (నన్ను నిద్రపుచ్చడానికి మా అమ్మ రెండు పాటలు పాడితే మూడోదానికి ఏడ్చేవాడినట. మూడు పాడినప్పుడు నాలుగోదానికి ఏడ్చానట. ఆమె ఒకనాడు అసలు పాడనే లేదట, వెంటనే నిద్రపోయానట.) ఇరవై ఏళ్ళ వయసులో నేను మామ మండీలో పని నేర్చుకుంటూ ఉండేవాడిని. పని అంటే పగలంతా బెల్లం దిమ్మెలు మోయించడం, మోసేవాడు రాకపోతే మోయడం. కానీ నా మనసంతా బేరం మీదే.

మండీలో బేరం నోటితో జరగదు. నలుగురూ వింటే ధర చెడిపోతుంది కదా. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలుపుతారు, పైన తుండుగుడ్డ కప్పుతారు. గుడ్డ కింద ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, వేలి నడిమి గణుపు నొక్కితే అర. ఆ ఒకటి రూపాయా, పదా, నూరా అని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ముందరున్న సరుకే చెబుతుంది. వేలు పట్టి చేయి ఊపితే బేరం కుదిరినట్టు. కాగితం లేదు, సాక్షి లేడు. ఆ తరువాత వెనక్కు తగ్గినవాడి చేయి మండీలో మరెవరూ పట్టరు. ఈ విద్యలో మామ ఆరితేరినవాడు. ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం ఇది: "ఒరే అల్లుడూ, నీ అవసరం ఎదుటోనికి తెలీనీకు. కడుపు కాలతా ఉన్నా, ఇప్పుడే తినొచ్చినట్టు నిలబడాల." నేను ఈ పాఠాన్ని ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఒకసారి నిజంగానే ఆకలితో ఒక పెళ్ళింట ఇట్లా నిలబడి, విస్తరి వేయించుకోకుండా ఇంటికి వచ్చాను.

మామకు ప్రయాణాలంటే మక్కువ, సత్రానికి డబ్బిచ్చుకోవడమంటే జ్వరం. మా అత్తకు పరాయి ఇంట మంచినీళ్ళు కూడా గొంతు దిగవు. ఈ ఇద్దరి కాపురానికీ పనికివచ్చే వస్తువు యుద్ధం అయిపోయాక దొరికింది. మిలిటరీవాళ్ళు వేలంలో వదిలించుకున్న ఒక పాత అంబులెన్సు వ్యాను. మామ దాన్ని కొని, వడ్రంగిని పిలిపించి, లోపల రెండు మంచాలు, ఒక పొయ్యిగట్టు, పాత్రలకు కొక్కేలు, ఊరగాయ జాడీ కదలకుండా ఒక కర్ర చట్రం చేయించాడు. దానికి 'ఇల్లుబండి' అని పేరు పెట్టాడు. పెట్రోలు రేషను కాబట్టి దాని వెనుక ఒక పొడుగాటి ఇనుప పీపా బిగించి బొగ్గు గ్యాసుతో నడిచేటట్టు చేశారు. బయలుదేరేముందు పీపాలో బొగ్గు రాజేసి పావుగంట సేపు గాలి చక్రం తిప్పాలి. తిప్పేది నేను. నడిపేది బర్మా దాకా పోయివచ్చిన ఒక డ్రైవరు; మేమంతా బర్మా అన్న అనేవాళ్ళం. ఆయన స్టీరింగు ముందు కూర్చుంటే ఎదురుగా శత్రువులున్నట్టే కూర్చునేవాడు. బండికీ, అత్త పొయ్యికీ బొగ్గు ఒకే మూటలోది. "మోటారు తిన్నాక మిగిలితే మనం తిందామా, మనం తిన్నాక మిగిలితే మోటారు తినేదా?" అని అత్త మొదటిరోజే అడిగింది. మామ మూటలన్నీ బండి పైకెక్కించి కట్టించాడు.

యాత్ర ఏర్పాటు ఇట్లా: చిత్తూరు నుంచి తిరుపతి, స్వామి దర్శనం చేసుకొని వడమాలపేట, పుత్తూరు మీదుగా నగరి. నగరిలో ఒకాయనకు పలమనేరు బజారులో ఒక అంగడి ఉంది. దానికి అడ్వాన్సు ఇచ్చి, అంగడి మాట ఖాయం చేసుకొని చిత్తూరుకు తిరిగి రావాలి. ఆ అంగడి ఎవరికోసమో మామ నోటితో చెప్పలేదు. కానీ బయలుదేరే ముందు రోజు నన్ను పిలిచి, "దారిలో బేరాలన్నీ నువ్వే సెయ్యి. సూస్తా" అన్నాడు. అంతే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పలమనేరు! కనుమ పైన చల్లటి ఊరు. చిత్తూరు ఎండలో దిమ్మెలు మోస్తూ మాడిపోయిన నాకు ఆ పేరు వింటేనే వీపు మీద చల్లగాలి తగిలినట్టుండేది. నా అంగడి, నా గద్దె, నా తక్కెడ. అత్త నడుముకు కట్టుకున్న గుడ్డమూటలో ఉన్నవి అడ్వాన్సు రూపాయలు కావు, నా జీవితమే అనుకున్నాను.

తిరుపతి దాకా నా ప్రతాపం బాగానే సాగింది. పూలు, టెంకాయలు, బండి నిలుపుకోవడానికి ఒక పెరడు, అన్నీ చెప్పినదాంట్లో సగానికి సాధించాను. మామ చూస్తున్నాడు. బజారులో ఒక టార్పాలిను పట్టా బేరం చేశాను, బండి పైన కట్టిన బొగ్గు మూటలు తడవకుండా. అంగడివాడు దిగలేదు. ఇట్లాంటప్పుడు చేయవలసింది మా ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. "వద్దులే" అని వెనుదిరిగాను. నాలుగడుగులు వేశాను. పిలుపు రాలేదు. చెప్పు సరిచేసుకునేవాడిలాగా వంగాను. రాలేదు. మరి రెండడుగులు వేసి, ఆకాశం చూసి, "మబ్బే లేదు" అని వాడికి వినబడేటట్టు అన్నాను. వాడు అప్పటికే ఇంకొకరికి పట్టా చుట్టి ఇస్తున్నాడు. తిరిగిపోతే నా పరువు పోతుంది. పోలేదు.

మర్నాడు రేణిగుంట దాటగానే వాన మొదలైంది. మామూలు వాన కాదు, ఎవరో పైనుంచి బిందెలు బోర్లించి ఆ బిందెలు కూడా మీద పడేస్తున్నట్టు వాన. వడమాలపేట దాటేసరికి బొగ్గు మూటలు తడిసి ముద్దయినాయి. తడి బొగ్గుకు గ్యాసు రాదు, పొగ వస్తుంది. ఇల్లుబండి దగ్గుతూ, చీదుతూ, మైలు దూరం పోయి దారికి అడ్డంగా పారే ఒక వంకలోకి దిగి, మధ్యలో నిలబడిపోయింది. నిలబడి, నెమ్మదిగా, ఎంతో తీరికగా, ముందు చక్రాలను బురదలోకి దించుకొని కూర్చుంది. నీళ్ళు ఇంకా మోకాలి లోతే. కానీ కొండల మీద వాన కనబడుతూనే ఉంది.

"పై నీళ్ళు వస్తే బండి పుత్తూరుకు తేలిపోతుంది ముదలాళీ. ఎద్దులు కావాల," అన్నాడు బర్మా అన్న మామతో.

మామ కిటికీ పలక కొంచెం తెరిచి నావైపు చూశాడు. "బేరం నీదే గదా" అని మూసేశాడు.

గంటసేపు వానలో నిలబడ్డాక పుత్తూరు వైపునుంచి ఒక పెద్దాయన వచ్చాడు, తలమీద తుండుగుడ్డ, వెనుక జత ఎద్దులు. ఎట్లాంటి ఎద్దులు! ఒకటి తెలుపు, ఒకటి కర్రె. మూపురాలు చూస్తే బండిని కాదు, వంకనే లాక్కుపోయేటట్టున్నాయి. నా ప్రాణం లేచివచ్చింది. వెంటనే మామ పాఠం గుర్తుకువచ్చింది. నేను చక్రం మునిగినవైపు అడ్డంగా నిలబడి, బండికి ఆనుకొని, తీరికగా ముఖం తుడుచుకున్నాను.

"యాడికి సెట్టీ, ఇంత వానలో?" అన్నాడు ఆయన.

"యాడికీ లేదప్పా. వంట సేసుకుంటుండారు లోపల. నీళ్ళ పక్కన సల్లగా ఉంటుందని నిలబెట్టినాము."

ఆయన వంకలో నీళ్ళు చూశాడు, బండి చూశాడు, మోకాళ్ళ దాకా నీళ్ళల్లో ఉన్న నన్ను చూశాడు. "మంచి తావే సూసుకున్నారు" అన్నాడు.

"ఎద్దులు బాగుండాయే" అన్నాను, ఏదో మాటవరసకు అన్నట్టు.

"బాగుండక ఏమి? నా సేతిమీద పెరిగినయ్యి."

ఇక అడగవచ్చు అనిపించింది. బండి దిగబడిందని చెప్పకుండా, లాగమని అడగకుండా, ఎంత అవసరమో పొక్కనివ్వకుండా ఒకే ఒక్క మాట అడిగాను. "ఇస్తావా?"

ఆయన ఎద్దుల మెడలు నిమిరాడు. తరువాత, "ఇచ్చేదానికే గదా తెచ్చుకొని తిరగతా ఉండేది" అన్నాడు, అదేమిటో నీరసంగా. (వానాకాలంలో వంకల దగ్గర ఎద్దులను తిప్పుతూ, దిగబడ్డ మోటార్లను లాగి బతికే వ్యాపారం ఒకటి ఉందని నేను ఆ క్షణంలోనే తేల్చుకున్నాను. పెట్టుబడి తక్కువ, మంచి వ్యాపారమే అని కూడా అనుకున్నాను.) ఆయన తలగుడ్డ తీసి, పిండి, చేతిమీద పరచి నావైపు చాపాడు. నాకు ఆనందం ఆగలేదు. బయట ఊళ్ళో, అడవిలాంటి చోట, మన విద్య తెలిసినవాడు! గుడ్డ కింద చేయి పెట్టాను.

ఆయన నా వేళ్ళు నాలుగు పట్టాడు. ఒడ్డెక్కించడానికి నాలుగు రూపాయలా? నేను నవ్వి, ఆయన వేలు ఒకటి పట్టాను. ఆయన తేలు కుట్టినట్టు చేయి వెనక్కు లాక్కున్నాడు.

"ఒకటా? తోలుకు కూడా రాదు సెట్టీ!"

ఇదొక మాట తీరు అనుకున్నాను. మళ్ళీ చేయి అందుకున్నాను. ఆయన మూడున్నర, నేను ఒకటిన్నర. ఆయన మూడు, నేను రెండు. వాన మా ఇద్దరి మీదా, గుడ్డ మీదా దబదబా పడుతోంది. చివరికి నేను రెండు వేళ్ళు పట్టి మూడోదాని గణుపు నొక్కి, గట్టిగా పట్టుకొని వదలలేదు. ఆయన కళ్ళు మూసుకొని చేయి ఊపాడు. రెండున్నర! కిటికీ పలక సందులోంచి మామ చూస్తున్నాడని నాకు తెలుసు. పలమనేరు గాలి వీపుకు తగిలింది.

ఆయన పోయి కర్రెద్దు మూపురం మీద నుదురు ఆనించి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడు! రూపాయిన్నర తగ్గించినందుకు ఇంత ఏడుపా అని నాకు జాలి వేసింది, కానీ కుదిరిన బేరంలో జాలికి చోటు ఉండకూడదు కదా. ఆయన ఎద్దు చెవిలో చెబుతున్నాడు: "సెట్టి మంచోని మాదిరి ఉండాడురా. పొద్దున పూట ఉలవలు పెడతాడులే."

"ఉలవలు బేరంలో లేవప్పా" అన్నాను వెంటనే.

ఆయన తిరిగి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు జ్ఞాపకం. "నీ మనసు సెట్టీ," అన్నాడు. "అయితే పలుపులు మాత్రం నేను ఇయ్యను. ఇప్పుకొని పోతా."

ఎద్దుల మెడతాళ్ళు ఇవ్వడట! ఇది ధర పెంచే ఎత్తు అని నాకు క్షణంలో తెలిసిపోయింది. "తాళ్ళు లేకుండా ఎద్దుల్ని ఏం సేసుకొనేదప్పా? తాళ్ళు కూడా సేరిందే బేరం."

"పలుపు అడిగినోణ్ణి నిన్నే సూస్తుండా. మీ తాళ్ళు మీరు కట్టుకోవాల. మా ఇంటి పలుపు మాకుండాల."

"కుదరదు."

"సెట్టీ, వద్దు."

"పలుపులు లేకపోతే బేరమే లేదు."

ఆయన ముఖం వాడిపోయింది. పలుపుల మీద చేయి వేసి, "సరే. యిల్లు సేరిందాకా వాడుకోండి. తరవాత నాకు పంపించేయండి" అన్నాడు. నేను అడిగింది వంక గట్టు దాకా. ఆయన ఇచ్చింది ఇల్లు చేరేదాకా. ఇంతకంటే గెలుపు ఏముంటుంది? (పశువును అమ్మినవాడు పలుపు ఇవ్వడనీ, ఇస్తే ఆ ఇంటి పాడి పోతుందని నమ్మకమనీ, కొన్నవాడే కొత్త తాళ్ళు తెచ్చుకోవాలనీ నాకు తరువాత తెలిసింది. మిరపకాయలకూ బెల్లానికీ పలుపులుండవు కదా.)

బేరం ముగిసింది కాబట్టి ఇక దాచనక్కరలేదు. పక్కకు జరిగి చక్రం చూపించి, "దిగబడింది. లాగాల" అన్నాను.

"అది వచ్చేటప్పుడే సూసినా" అన్నాడాయన. "మీ ఎద్దులు, మీ ఇష్టం. లాగించుకోండి."

కాడి లేదు. బర్మా అన్న లోపలికి పోయి మామ మంచం పట్టె ఒకటి ఊడదీసుకొని వచ్చాడు. "పడుకొనే మంచమయ్యా అది!" అని అత్త కేక వేసింది. "యుద్ధంలో ఇట్లే సేస్తారు తల్లీ" అన్నాడాయన. పట్టెను కాడిగా కట్టి, మోకు బిగించి, మామనూ, అత్తనూ, ఊరగాయ జాడీనీ గట్టు మీదికి చేర్చి, నేనూ బర్మా అన్నా వెనుకనుంచి తోశాము. ఎద్దులు కదలలేదు. నా అదిలింపు వాటికి అర్థం కాలేదు. చివరికి పెద్దాయనే ఉండబట్టలేక ముందుకు పోయి, "రారా కర్రోడా, దారా తెల్లోడా" అని చిన్నగా అన్నాడు. అంతే. ఇల్లుబండి బురదలోంచి ఒక పెద్ద నిట్టూర్పు విడిచి పైకి వచ్చింది. మేము గట్టెక్కిన కాసేపటికి వంక ఎర్రగా, గట్టుకు గట్టు నిండి పారింది.

నేను రొండిలోంచి రెండు రూపాయల నోటు, ఒక అర్ధరూపాయి తీసి, దర్జాగా ఆయన చేతిలో పెట్టాను.

ఆయన చేతిలోకి చూసుకున్నాడు. "ఇది బయానానా సెట్టీ?"

"బయానా ఏమి? మొత్తం. రెండున్నర."

"అదే. రెండు నూర్ల యాభై గదా."

వాన సద్దు ఒక్కసారిగా ఎక్కువైనట్టనిపించింది. "లాగినందుకు రెండు నూర్ల యాభయ్యా?" అన్నాను.

"లాగినందుకు ఎవురు డబ్బులడిగినారు? నా జోడీని కొంటివి గదా! పుత్తూరు సంతలో అమ్ముడుబోక ఇంటికి తోలుకపోతా ఉంటే నువ్వే గదా 'ఇస్తావా' అంటివి? దిగబడింది సామీ, లాగు అంటే నేను లాగనా? దానికి గుడ్డ కింద బేరమా? ఎవురన్నా సాయానికి గుడ్డ పరుస్తారా?"

నేను మామవైపు చూడలేదు. మామే వచ్చాడు, పంచె ఎగగట్టి, నెమ్మదిగా. "ఏలు పట్టింది నువ్వేనా?" అన్నాడు నాతో.

"నేనే మామా. కానీ నేను అనుకొనింది బాడుగ..."

"సెయ్యి ఊపినావా?"

"ఊపినా. మామా, ఇంకా మాట్లాడి తగ్గిద్దాం. ఐదు రూపాయలిస్తే ఒప్పుకుంటాడు..."

"నోరు మూయి."

ఆయన పెద్దాయనవైపు తిరిగి, ఎందుకు అమ్ముతున్నావని అడిగాడు. "నేనూ మా తమ్ముడూ యేరుబడినాము సామీ. తలా ఒకటి తీసుకుందామన్నాడు వాడు. జోడీ ఇడిపోతే రెండూ మేత ముట్టవు. ఒక తావునే ఉంటాయని అమ్ముతుండా," అన్నాడాయన. మా ముఖాలు చూసి, "పొరబాటయితే వద్దులే సెట్టీ. తోలుకపోతా. మా తమ్మునిది నాది ఎట్లన్నా తెగుతుంది" అని ఎద్దువైపు చేయి చాపాడు.

నా ప్రాణం మళ్ళీ లేచివచ్చింది. మామ దాన్ని లేవనివ్వలేదు.

"వద్దని ఎవురన్నారప్పా?" అన్నాడు. అత్తవైపు తిరిగి, "ఆ మూట తియ్యి."

"అది పలమనేరు..." అంది అత్త.

"ఎరుకే. రేపు మండీలో నా సెయ్యి ఎవురు పడతారు?"

అత్త తడిసిన చీరలో చేయి పెట్టి మూట తీసింది. నేను చూస్తూ నిలబడ్డాను. నా గద్దె, నా తక్కెడ, నా చల్లగాలి, అన్నీ ఆ పెద్దాయన రొండిలోకి పోయినాయి. పోతూ పోతూ ఆయన నా రెండున్నర నాకు తిరిగి ఇచ్చేశాడు. "ఉలవలకు పెట్టుకో" అన్నాడు.

కథ అక్కడ ముగిసి ఉంటే ఈ అలసట నాకు దక్కేది కాదు. ఇంజను కడుపులోకి నీళ్ళు పోయినాయని, చిత్తూరు పోయి విప్పితేనే గాని లాభం లేదని బర్మా అన్న తేల్చేశాడు. నగరి పోయి చేసేదేమీ లేదు. ఎద్దులు మావే. కాబట్టి ఇల్లుబండికి ఎద్దులను కట్టి, పుత్తూరు, కార్వేటినగరం మీదుగా చిత్తూరుకు బయలుదేరాము. పుత్తూరు దాకా పెద్దాయన మాతో నడిచి, ఎట్లా అదిలించాలో, ఎక్కడ నీళ్ళు పెట్టాలో నాకు నేర్పాడు. అక్కడ మామ కొత్త తాళ్ళు కొని, పలుపులు విప్పి ఆయన చేతికిచ్చాడు. ఆయన వాటిని తుండుగుడ్డలో చుట్టుకొని వెనక్కు చూడకుండా పోయాడు. ఎద్దులు మాత్రం ఊరు దాటేదాకా వెనక్కే చూశాయి.

నాలుగు రోజులు. నాలుగు రోజులూ వానే. ముందు మనిషి నడిస్తేనే ఎద్దులు కదులుతాయి. ఆ మనిషిని నేను. లోపల అత్త కమ్మీ పట్టుకొని చింతపండు పులుసు కాచింది. బర్మా అన్న స్టీరింగు వదలలేదు. ఎద్దులు లాగుతున్నా మలుపు వస్తే చేయి బయటపెట్టి చూపేవాడు, ఎదురుగా మేక వచ్చినా హారను పిండేవాడు. దానికి ఎద్దులు బెదిరి పొలంలోకి దిగేవి. ఊరూరా జనం వానలో కూడా బయటికి వచ్చి చూశారు. "ఏమబ్బా, పెట్రోలు కరువని గడ్డి పోస్తుండారా?" అని ఒకడు. "ముందర ఎద్దులు రెండా, మూడా?" అని ఇంకొకడు, నన్ను చూసి. రెండో రోజుకు పాదాలు నానిపోయి నావి కానట్టున్నాయి. మూడో రోజుకు మనసు కూడా అట్లాగే అయింది. గడ్డికి బేరం చేయడానికి కూడా ఓపిక లేక, అడిగినంత ఇచ్చేశాను. (గడ్డి అమ్మినవాడు అనుమానపడి నా నోటును రెండుసార్లు వెలుగులో పెట్టి చూశాడు.)

మూడో రోజు మధ్యాహ్నం మామ బండి దిగి నా పక్కన నడవడం మొదలుపెట్టాడు. ఒక పల్లె దాటాము. తరువాత, "దిగబడిందని వానికి ఎందుకు సెప్పలేదురా?" అన్నాడు.

"అవసరం తెలీనీకూడదని నువ్వే గదా సెప్పినావు."

"అది అమ్మేవాని కాడ. వాడు దారిన పొయ్యేవాడు గదరా."

నేను తలవంచుకొని నడిచాను. మామ తెల్లోడి దవడ పట్టి, పెదవి పైకెత్తి పళ్ళు చూశాడు, వీపు తట్టాడు, వెనక్కు జరిగి నడక చూశాడు. "బేరం మటుకు బాగా సేసినావు," అన్నాడు. "ఈ జోడీ రెండున్నరకు యాడా దొరకదు." మండీలో ఉన్నన్నాళ్ళూ ఆయన నోటినుంచి నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. నేను కొనదలచుకోని సరుకు మీద.

పలమనేరు అంగడిని ఆ ఏడు ఎవరో కాఫీ హోటలు పెట్టుకోవడానికి తీసుకున్నారు. నాకు మామ ఇచ్చిన పని, ఆ ఎద్దులకు బండి కట్టి చుట్టుపక్కల ఊళ్ళనుంచి మండీకి బెల్లం తోలడం. కాఫీ హోటలు ఏడాదికే ఎత్తేశారు. అప్పుడు మామ నోటి మాటతోనే, గుడ్డ లేకుండా, ఆ అంగడి నాకు ఇప్పించాడు. నలభై ఏళ్ళు ఆ గద్దె మీదే కూర్చున్నాను. చల్లగాలి వీచింది, నిజమే. తక్కెడ పట్టుకొని కూర్చున్నవాడికి గాలి ఎంతవరకు తగలాలో అంతవరకే తగిలింది. ఇప్పుడు ఆ నలభై ఏళ్ళు గుర్తు చేసుకుందామని కూర్చుంటే ఒకే ఒక్క రోజులాగా కనబడతాయి, పొద్దున తలుపులు తీయడం, సాయంత్రం వేయడం. ఆ నాలుగు రోజులు మాత్రం అడుగు అడుగుగా, బురద మరకలతో సహా ఉన్నాయి.

అప్పుడప్పుడూ అనుకుంటాను, కార్వేటినగరం దారిలో, వానలో తల వంచుకొని నడుస్తున్న ఆ ఇరవై ఏళ్ళవాడు ఎదురుపడితే ఒక మాట అడగాలని. నా నలభై ఏళ్ళ గద్దె నువ్వు తీసుకో నాయనా, ఆ నాలుగు రోజుల నడక నాకియ్యి అని. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించడు. కాళ్ళు అంత నొప్పి పుడుతున్నాయి మరి. నడక, వాన, ఎద్దులు అన్నీ నా చేతిలో పెట్టేసి, ముసలివాణ్ణి బాగా ముంచానని మురిసిపోతూ గద్దెవైపు పరుగెత్తుతాడు, పిచ్చి వెధవ.